గుర్తు ఎవరిది, దిద్దే హక్కు ఎవరిది

ఇప్పుడు ఏజెన్సీలో ఏ సంఘం పెట్టినా మొదట మూడు పనులు జరుగుతున్నాయి. బ్యాంకులో ఖాతా తెరుస్తారు, రబ్బరు స్టాంపు చేయిస్తారు, లోగో గీయిస్తారు. ఖాతాలో ఎంత పడింది, స్టాంపు ఎవరింట్లో ఉండాలి అన్న వాటి మీద పెద్ద తగవులే అవుతాయి. లోగో మీద తగవు పడినవాళ్లు తక్కువ. పట్నంలో ఎవరో కుర్రాడు కంప్యూటర్లో గీసి పంపుతాడు. మనం ఫోనులో చూసి బాగుందంటాం. ప్యాకెట్ మీద అచ్చయిపోతుంది.

ఇంత చిన్న సంగతికి వ్యాసం ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ తేనె సీసా మీద, పసుపు ప్యాకెట్ మీద, చింతపండు అట్టపెట్టె మీద మన పేరు పెట్టుకుని ఊరూరా తిరిగే బొమ్మ అది. మన కొండ ముఖం ఎన్నడూ చూడనివాడికి మన గురించి తెలిసే మొదటి సంగతి ఆ బొమ్మే. చాలామందికి చివరి సంగతి కూడా అదే. ఆ బొమ్మ తప్పుగా ఉంటే ‘ఇది మేం కాదు, మార్చండి’ అని చెప్పవలసింది ఎవరు? డబ్బిచ్చినవారా, గీసినవారా, అందులో కనిపిస్తున్నవారా? నేను అడగదలచింది ఈ ఒక్క ప్రశ్నే.

గుర్తులు మనకు కొత్త కాదు. చదువు రాని మా తాతల కాలంలో ఓటు కాగితం మీద ఉన్నదాన్ని ‘గుర్తు’ అనేవారు, ఇప్పటికీ అదే మాట. ఏ పార్టీ అని అడగరు, ఏ గుర్తు అని అడుగుతారు. అంటే గుర్తుకు మనిషి తరఫున నిలబడే శక్తి ఉందని మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

లోగో పని పట్నంలో ఎలా నడుస్తుందో ముందు చెప్పుకోవాలి. పని అప్పగించేవారు తమకేం కావాలో చెబుతారు. డిజైనర్ రెండో మూడో నమూనాలు గీస్తాడు. వాళ్లు చూసి ఇది పెద్దది చేయి, ఆ రంగు మార్చు, ఇంకేదో లోటుగా ఉంది అంటారు. అతను దిద్ది మళ్లీ పంపుతాడు. ఇలా ఎన్నిసార్లు దిద్దాలో చాలా ఒప్పందాల్లో ముందే రాసుకుంటారు. మా సంఘం లోగోకు రాసుకున్నది మూడుసార్లు. నాలుగోసారి కావాలంటే డబ్బు వేరే. సంఘం మీటింగుల్లో తీర్మానాలు రాసే పని నాది కనుక ఆ కాగితం చదివి వినిపించింది నేనే. అందులో ‘క్లయింట్’ అని ఉన్నచోట మా సంఘం పేరు లేదు. మాకు సాయం చేస్తున్న స్వచ్ఛంద సంస్థ పేరు ఉంది. డబ్బు వాళ్లదే కనుక అది సహజమే అనుకున్నాం. అయితే దాని అర్థం ఏమిటంటే, ఆ మూడుసార్లూ ‘మార్చండి’ అని చెప్పే నోరు వాళ్లది.

ఇదే పనిని మా సవరల ఇళ్లలో ఇంకో పద్ధతిలో చేసేవారు. ఆ పద్ధతి తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటున్నారు. వెరియర్ ఎల్విన్ 1940ల్లో గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగి, 1951లో మధ్య భారత గిరిజన కళల మీద, 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పుస్తకాల్లో దాని గురించి వివరంగా రాశాడు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లలో కలిపి, చివర నలగగొట్టిన పుల్లతో వేసే బొమ్మ అది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడో, చనిపోయినవారు కలలో కనిపించి అడిగినప్పుడో వేయిస్తారు. ముందు చుట్టూ గీత గీస్తారు. ఆ గీతే ఇల్లు. అడిగిన సొనుంకి, అంటే ఆ ఆత్మకు, గోడ మీద కట్టిచ్చే ఇల్లు. దాని లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, గొడుగులు, దువ్వెనలు, సూర్యుడు, చంద్రుడు. ఎల్విన్ కాలానికే వాటిలో తుపాకీ పట్టిన పోలీసులు, విమానాలు కూడా వచ్చేశాయి.

బొమ్మ వేయడం అయ్యాక జరిగేదే మనకు ముఖ్యం. బొమ్మ వేసిన మనిషి తన పని అయిపోయిందని చేతులు కడుక్కుని పోవడానికి లేదు. ఎజ్జోడు వస్తాడు, చాలాచోట్ల ఆడమనిషే ఆ పని చేస్తుంది. పూనకంలో సొనుంని పిలిచి, ఇదిగో నీ ఇల్లు, చూసుకో అంటారు. సొనుం చూస్తుంది. నచ్చకపోతే ఆ నోటితోనే చెబుతుంది: నాకు గొడుగు మరిచారు, నేను నడిచిపోవాలా, గుర్రం ఏదీ అని. అప్పుడు బొమ్మ వేసినవాడు మళ్లీ పుల్ల పట్టుకుని గొడుగు గీయాలి, గుర్రం గీయాలి. మా ఊరి పెద్దలు చెప్పేది ఇంకోటి ఉంది. బొమ్మ పూర్తయిన రాత్రి ఇంటాయన దాని ముందే నేల మీద పడుకుంటాడు. చెప్పవలసింది ఏమైనా మిగిలితే కలలో చెబుతారని.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ బొమ్మలు లేవు. కొందరు చర్చికి వెళుతున్నారు, వాళ్లు ఆ గోడ వదిలేశారు. కాలనీ ఇళ్లకు సిమెంటు గోడలు వచ్చాయి, ఎర్రమట్టి నిలవదు. ఇడితాల్ తీరు బొమ్మలు ఇప్పుడు ఎక్కువగా కాన్వాసు మీద, చీరల మీద, ఆఫీసు ప్రహరీ గోడల మీద కనిపిస్తున్నాయి. దాని మీద ఏడవాలని నేను అనను. ఎవరి నమ్మకం వాళ్లది. నేను ఎత్తి చూపుతున్నది నమ్మకాన్ని కాదు, ఏర్పాటును. ఆ ఏర్పాటులో డబ్బు పెట్టేది ఇంటాయన, గీసేది ఇంకొకరు, కానీ చాలు అని చెప్పే మాట ఆ ఇద్దరిదీ కాదు. బొమ్మ ఎవరిదో వాళ్లది. వాళ్లు చనిపోయినా సరే వాళ్ల మాట వినిపించే దారి ఒకటి పెట్టుకున్నారు. మనం బతికి ఉండి, ఎదురుగా చాప మీద కూర్చుని ఉండగానే మన మాట వినే దారి లోగో ఒప్పందంలో లేదు.

మా సంఘానికి వచ్చిన మొదటి నమూనా సంగతి చెబుతాను. సామలు, చోళ్లు, పసుపు అమ్ముకునే ఆడవాళ్ల సంఘం మాది, సీతంపేట ఏజెన్సీలో. నమూనా గోధుమరంగు మీద తెల్లగీతలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మనుషులు చేతులు పట్టుకుని చుట్టచుట్టుగా ఆడుతున్నారు. మధ్యలో ఒకడు సొరకాయ బూరలాంటిది ఊదుతున్నాడు. కింద ‘సవర’ అన్న మాట. తెలిసినవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది, అది వార్లీ బొమ్మ. ఆ వాద్యం తార్పా. వార్లీలు మహారాష్ట్రలో, ముంబయికి ఉత్తరాన పాల్ఘర్ వైపు ఉండే ఆదివాసులు. వాళ్ల బొమ్మల్లో మనిషి ఒళ్లు రెండు త్రిభుజాలు మొనలు కలిపినట్టు ఉంటుంది. మా గోడల మీద మనుషులు కొంచెం సాగినట్టు ఉంటారు, ఆ కోణాల పదును ఉండదు, మగ ఆడ తేడా కూడా అంతగా చూపరు. రెండింటికీ పోలిక ఉన్న మాట నిజం. తెల్లగీతలు, ఎర్రనేల, పుల్లమనుషులు. పోలిక ఉన్నంత మాత్రాన ఒకరి పేరు కింద ఒకరిని నిలబెట్టవచ్చా? తెలుగు సినిమా పోస్టరు మీద వేరే భాష హీరో బొమ్మ వేస్తే ఊరుకుంటారా?

ఆ రోజు మీటింగులో ఇరవైమందికి పైగా ఆడవాళ్లున్నారు. సంస్థ తరఫు సారు కాగితం పైకెత్తి చూపించి, ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగారు. ‘బాగున్నాది బాబూ’ అన్నారందరూ. నేను తీర్మానాల పుస్తకంలో ‘సభ్యులందరూ ఆమోదించారు’ అని రాయవలసిన క్షణం అది.

‘బాగున్నాది బాబూ’ అన్న ఈ మాట గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన మీద జరిగిన అన్ని సర్వేల్లో, అన్ని గ్రామసభల్లో ఇదే మాట మన సంతకం కింద జమ అయింది. మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషి తెచ్చినదాన్ని బాగాలేదనడం మర్యాద కాదు. కాలినడకన కొండెక్కి వచ్చినవాడు ఏం తెచ్చినా ముందు బాగుందనే అంటాం. పైగా సారు చేతిలో మన రుణం కాగితం ఉండొచ్చు, రేపటి విత్తనాల పంపిణీ ఉండొచ్చు. అడిగినవాడి చేతిలో అన్ని ఉన్నప్పుడు అది ప్రశ్నలా వినిపించదు. ఆ ‘బాగుంది’లో అభిప్రాయం ఎంత, అతిథి మర్యాద ఎంత, భయం ఎంత అన్నది బయటివాడికి తెలియదు. కొన్నిసార్లు అన్నవాళ్లకే తెలియదు. అందుకని దాన్ని ఒప్పుకోలుగా లెక్కకట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. చట్టం ఏమన్నా అననీ.

ఆ రోజు పుస్తకంలో ఆ వాక్యం రాయవలసిన పని తప్పించింది ఒక ముసలామె. ఆమెకు చదువు లేదు, చూపు కూడా అంతంతే. కాగితం దగ్గరికి తెమ్మంది. కళ్లకు ఆనించుకుని చూసి డిజైనర్ కుర్రాణ్ణే అడిగింది: ‘ఈ మధ్యన నిల్చున్నాయన ఎవులు బాబూ?’

కుర్రాడు నవ్వి, ‘ఎవరూ కాదమ్మా, ఊరికే మనిషి బొమ్మ’ అన్నాడు.

‘ఎవులూ కాకపోతే మరి ఎందుకేసినావు?’

గదిలో కొందరు నవ్వారు. ఆమె ఎగతాళికి అనలేదు. ఆమె ఎరిగిన బొమ్మల్లో ప్రతి మనిషీ ఎవరో ఒకరు. ఈయన మా పెదనాన్న, ఈమె పురుడులో పోయిన మా అత్త అని చెప్పగలిగే బొమ్మలవి. ఎవరో తెలిస్తేనే కదా గొడుగు మరిచావు అనగలం. ‘ఊరికే మనిషి’కి గొడుగు లేదని ఎవరు అడుగుతారు? దిద్దుబాటు అనేది మొదలవ్వాలంటే బొమ్మలో ఉన్నవాడు ఎవరో ఒకడు అయి ఉండాలి. నాకు ఆ మాట అప్పటినుంచి వదల్లేదు. ‘గిరిజనులు’ అని మన గురించి వేసే పోస్టర్లు, కేలండర్లు, బ్రోచర్లు అన్నింటిలోనూ ఉండేది ఆ ఎవరూ కాని మనిషే. వాడికి ఊరు లేదు, ఇంటిపేరు లేదు, ఎప్పుడూ ఆడుతూనే ఉంటాడు.

డిజైనర్ వైపు మాట కూడా చెప్పాలి. ఇలా అందరూ వేలు పెడితే బొమ్మ పాడవుతుందని వాళ్ల వృత్తిలో పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. అది పూర్తిగా అహంకారం కాదు. అమెరికాలో పాల్ రాండ్ అనే పెద్ద డిజైనర్ ఉండేవాడు, ఐబీఎం గుర్తు ఆయనదే. 1986లో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంపెనీకి గుర్తు గీయమని లక్ష డాలర్లిచ్చాడు. రెండు మూడు నమూనాలు చూపిస్తారా అని జాబ్స్ అడిగితే రాండ్ కుదరదన్నాడట. నీ సమస్యకు నేను పరిష్కారం చేసిస్తాను, వాడుకో, లేకపోతే మానేయి, డబ్బు మాత్రం ఇవ్వాలి అన్నాడని జాబ్స్ తర్వాత చెప్పాడు. గీసేవాడి గౌరవం అంటే అలా ఉండాలని డిజైన్ చదివే పిల్లలు ఈ కథను ఇష్టంగా చెప్పుకుంటారు.

నాకూ ఆ కథ నచ్చుతుంది. అయితే అందులో అందరూ చూసుకోకుండా దాటిపోయే మాట ‘మానేయి’ అన్నది. జాబ్స్‌కు మానేసే శక్తి ఉంది. లక్ష డాలర్లు పోతే పోయాయని ఇంకొకరి దగ్గరికి వెళ్లగలడు. మా మీటింగు రోజుకే ప్యాకెట్ల ఆర్డరు ఇచ్చేశారు, ప్రారంభోత్సవానికి తేదీ అయిపోయింది, పెద్దమనుషులను పిలిచేశారు. మానేసే వీలు లేనివాళ్ల ముందు నమూనా పెట్టి ఎలా ఉందని అడగడంలో అర్థం ఏముంది? ఎంత గొప్ప చేయి గీసినా ఆ బొమ్మ వద్దు అనగలిగినవాడు ఎదుట ఉండాలి. రాండ్ ఆ వీలు జాబ్స్‌కు ఇచ్చాడు, అందుకే ఆ బేరంలో ఎవరికీ అవమానం లేదు.

తేదీ వాయిదా వేయించడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ గొడవంతా ఇక్కడ అనవసరం.

రెండో నమూనాలో విల్లు, బాణం, తలకు ఈకలు వచ్చాయి. ఈకలు మావి కావని చెబితే తీసేశారు, అవి ఏ దేశం నుంచి ఏ సినిమా మీదుగా వచ్చాయో అందరికీ తెలుసు. విల్లు దగ్గర మాత్రం మాలో మాకే తగవు వచ్చింది. కుర్రాళ్లు విల్లు ఉండాలన్నారు. శ్రీకాకుళం కొండల్లో జరిగిన పోరాటం కథలు వింటూ పెరిగినవాళ్లు, వాళ్లకు విల్లు తలెత్తుకునే గుర్తు. ఆడవాళ్లు వద్దన్నారు. వేటకు వెళ్లేది మగవాళ్లు, ఈ చోళ్లు విత్తి, కలుపు తీసి, కోసి, దంచింది మేము, ప్యాకెట్ మీద విల్లెందుకు అన్నారు. ఆదివాసుల మాట ఒక్కటే మాటగా ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. మనం కూడా బయటివాళ్ల ముందు అలాగే నటిస్తాం. ఒక గుర్తు దగ్గర కూర్చుంటే ఆ నటన చెల్లదు. నిజం చెప్పాలంటే ఆ తగవు జరిగినందుకే ఆ లోగో మా సంఘానిదైంది అనుకుంటాను.

ఈలోపు సంస్థ నుంచి ఒక వ్యాఖ్య వచ్చింది. విల్లు, డాన్సు తీసేస్తే ‘ట్రైబల్ లుక్’ పోతుంది, పట్నంలో కొనేవాళ్లు గుర్తుపట్టరు అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. అమ్ముడుపోని ప్యాకెట్ వల్ల ఎవరికి లాభం? కొనేవాడి కళ్లకు అలవాటైన బొమ్మ ఉంటే చెయ్యి అటు వెళుతుంది. కానీ దాని లెక్క ఎక్కడ తేలుతుందో చూడండి. కొనేవాడు మనల్ని ముందే ఒకలా ఊహించుకున్నాడు. ఆ ఊహకు తగ్గట్టు మనం ముఖం పెట్టుకోవాలి. పెట్టుకుంటే నాలుగు రూపాయలు ఎక్కువ. అలా ప్యాకెట్లు అమ్ముతూ పోతే ఆ ఊహే బలపడుతుంది, పదేళ్లకు మన పిల్లలు కూడా డ్రాయింగు పోటీలో సవర ఊరు గీయమంటే తార్పా ఊదేవాణ్ణి గీస్తారు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. ఆశ్రమ పాఠశాల గోడల మీద వార్లీ బొమ్మలు చూడనివాళ్లు ఉంటే చెప్పండి.

మూడోసారి కూర్చున్నప్పుడు అన్నింటికంటే బరువైన మాట వచ్చింది. అప్పటికి కుర్రాడు మా ఊళ్లోనే ఒక పాత ఇంట్లో మిగిలిన గోడబొమ్మను ఫోటో తీసుకుని, దాన్నుంచి ఇద్దరు మనుషులనూ ఒక గొడుగునూ తీసి చక్కగా గీసుకొచ్చాడు. కష్టపడ్డాడు. ఈసారి వార్లీ కాదు, మాదే. అందరం సంతోషించాం. అప్పుడు ఇంకో పెద్దామె అడిగింది, ‘పేకెట్టు కాళీ అయినాక ఏటి సేస్తారు?’

పారేస్తారు. రోడ్డు మీద, మురుక్కాలువలో, బస్టాండులో. మీద లారీలు వెళతాయి.

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. గోడ మీద ఇల్లు కట్టించి కూర్చోబెట్టిన పెద్దలను తెచ్చి పారేసే కవరు మీద వేయడం. చర్చికి వెళ్లేవాళ్లు కూడా వద్దన్నారు. వాళ్లకు సొనుం మీద నమ్మకం లేకపోవచ్చు, తాతల మీద గౌరవం పోలేదు. డిజైనర్ కుర్రాడు తల వంచుకుని కాసేపు కూర్చుని, ‘ఇది నాకు ఎవరూ చెప్పలేదమ్మా’ అన్నాడు. నిజమే. ఏ కాలేజీ పుస్తకంలోనూ ఉండదు. అది మా దగ్గరే ఉంది, అయితే అడిగేదాకా మాకు కూడా పైకి తేలలేదు. దిద్దుబాటు అంటే ముందే తెలిసిన సమాధానాన్ని అవతలివాడికి అందజేయడం అనుకుంటాం. చాలాసార్లు బొమ్మ ఎదురుగా పెట్టుకుంటే గానీ మనకేం వద్దో మనకే తెలియదు. ఆ నమూనాకు, ఆ కుర్రాడికి ఆ మేరకు మేం రుణపడ్డాం.

ఆ తర్వాత పని అతని నుంచి మేం నేర్చుకున్నాం. గోడంతా నిండే బొమ్మ వేరు, బొటనవేలి గోరంత స్థలంలో నిలిచే గుర్తు వేరు. చిన్నది చేసి చూపించాడు. సన్నని గీతలన్నీ కలిసిపోయి మసిమరకలా కనిపించాయి. గోనెసంచి మీద రేకు పెట్టి రంగు కొడితే ఒకే రంగులో రావాలి, గీతకు గీతకు మధ్య ఖాళీ ఉండాలి. మా గోడబొమ్మల్లో ఖాళీ ఉంచకపోవడమే అందం. అతని వృత్తిలో ఖాళీ ఉంచడమే పనితనం. ఏది వదిలేయాలో అతనికి తెలుసు. ఏది వదలకూడదో మాకు తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకే మనిషిలో దొరకవు, అందుకే కూర్చోవడం తప్పదు.

చివరకు మనుషులందరూ పోయారు. చుట్టూ గీత మిగిలింది, ఇంటి గీత, మా గోడల మీద ఉండే రెండు వరసల అంచు. ఇల్లు ఖాళీగా ఉంచకూడదని లోపల ఒక చోడి ఎన్ను వేయించారు. చోడి ఎన్ను ఎలా ఉంటుందో తెలుసు కదా, వేళ్లు లోపలికి ముడిచినట్టు. విల్లు కావాలన్న కుర్రాళ్లలో ఒకడు అది చూసి, పిడికిలి లాగుంది, మాకు ఒప్పుదలే అన్నాడు. ఆడవాళ్లు నవ్వారు.

పేరు ఏ లిపిలో రాయాలన్నది ఇంకో మీటింగు. మంగేయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశాడు, మాకు అది గర్వం. కానీ ఆంధ్ర వైపు బడిలో మా పిల్లలు సవర భాషను తెలుగు లిపిలోనే చదువుకున్నారు. సంఘంలో సొంపెంగ్ చదవగలిగినవాళ్లు ఇద్దరు. తెలుగు లిపిలో పెద్దగా, సొంపెంగ్‌లో కింద చిన్నగా వేయాలని తేలింది. ఒడిశా నుంచి వచ్చిన చుట్టాలు దీన్ని ఒప్పుకోలేదు, ఇప్పటికీ దెప్పుతుంటారు. వాళ్ల మాటలో న్యాయం లేదని నేను అనలేను.

ఈ కూర్చోవడం జరగకపోతే ఏమవుతుందో ప్రపంచంలో ఉదాహరణలకు కొదవ లేదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం 1925లో ఒక జెండా పెట్టుకుంది. పసుపు మీద ఎర్రని సూర్యుడు, నాలుగు వైపులా నాలుగేసి కిరణాలు. ఆ సూర్యుడు జియా అనే చిన్న ఆదివాసీ ఊరివాళ్లది. వాళ్ల పవిత్రమైన కుండ మీది బొమ్మ. జెండా గీసినాయన చదువుకున్నవాడు, కుండల మీద పరిశోధన చేసినవాడు. అందంగా గీశాడు. జియా వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ సూర్యుడు లేని వస్తువు ఆ రాష్ట్రంలో లేదు, కార్ల నంబరు పలకల దగ్గర్నుంచి. పరిహారం ఇవ్వండని జియా వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఆ బొమ్మ వాడుకునే ముందు తమంతట తాము వచ్చి అనుమతి అడిగి, వాళ్ల పిల్లల చదువు నిధికి డబ్బిచ్చిన కంపెనీలూ కొన్ని ఉన్నాయి. అంటే అడగడం కుదరని పని ఏమీ కాదు. వందేళ్ల కిందట కూడా కుదిరేదే.

మన దగ్గర తెలంగాణ రాజముద్ర చూడండి. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గీసిన ముద్రలో కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్నాయి. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని మార్చాలని చిత్రకారుడు రుద్ర రాజేశంతో నమూనాలు గీయించారు. తోరణం తీయకూడదని కొందరు, రాజుల గుర్తులు వద్దని కొందరు వాదించుకున్నారు. జూన్ 2న విడుదల చేయాలనుకున్నది వాయిదా పడింది. అన్ని వాదనలు పేపర్లలో చదివాను. ఆ తోరణం కింద అచ్చయ్యే కాగితాలు తీసుకునేవాళ్లలో మేడారం కోయలు కూడా ఉన్నారు. వాళ్ల కథలో సమ్మక్క, సారలమ్మ పోరాడింది కాకతీయుల సైన్యంతోనే. తోరణం ఉంచాలా తీయాలా అన్న తీర్పు నేను చెప్పను, అది కళ కూడా, శిల్పుల చెమట కూడా. కానీ 2014లోనూ 2024లోనూ ఆ నమూనాను ఒక కోయ ఊరికి తీసుకెళ్లి, చాప మీద పెట్టి, ‘ఇందులో మీరెక్కడున్నారు?’ అని అడిగి ఉంటే ఏం చెప్పేవారో వినాలని ఉంది.

మా లోగో కథలో తేలని ముడి ఒకటి మిగిలే ఉంది. గుర్తు ఒప్పుకున్నాక దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించాలన్నారు. దరఖాస్తులో యజమాని పేరు రాయాలి. ఎవరి పేరు నమోదైతే చట్టానికి ఆ గుర్తు వాళ్లదే. భౌగోళిక గుర్తింపులో కూడా ఇలాంటి చిక్కే ఉంది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో గుర్తింపు వచ్చింది, నమోదైన యజమాని కాఫీ బోర్డు. అందులో మోసం ఏమీ లేదు, ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి కదా. కానీ రేపు ఆ గుర్తును మార్చాలన్నా, అద్దెకివ్వాలన్నా, తప్పుగా వాడినవాణ్ణి ఆపాలన్నా కదలవలసింది యజమాని. మూడుసార్లు దిద్దించే హక్కు మేం గొడవపడి సంపాదించుకున్నాం. ఆ తర్వాత అన్నిసార్లూ దిద్దే హక్కు ఆ ఒక్క గడిలో ఉంది. మా దరఖాస్తులో ఆ గడి సంఘం పేరుతో నింపాలని తీర్మానం రాశాం. సంస్థవాళ్లు వాళ్ల హెడ్డాఫీసును అడిగి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

మొన్న మా పక్క కొండ మీది ఊళ్లో తేనె సంఘానికి లోగో వేయడానికి అదే కుర్రాడు వచ్చాడు. ఈసారి ఒప్పందంలో మార్పులు ఇన్నిసార్లే అన్న లెక్క తనే తీసేయించాడని చెప్పాడు. తీర్మానం రాయడానికి నన్ను పిలిచారు. నమూనా చూపించాక అందరూ మామూలుగానే ‘బాగున్నాది బాబూ’ అన్నారు. అతను వినేసి సంచీ సర్దుకోలేదు, కూర్చునే ఉన్నాడు. కాసేపటికి అక్కడి పెద్దాయన, కాగితం ఈ రాత్రికి ఇక్కడ ఒగ్గేసి ఎల్లండి, రేపు సెప్తాం అన్నాడు. కుర్రాడు దాన్ని గోడకు ఆనించి, గాలికి ఎగరకుండా అడుగున ఒక రాయి పెట్టి కొండ దిగాడు.